కొక్కెం చప్పుడు

మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలకు కిష్టయ్య గద్వాలలోని ఖాజా మియా ఇంటి గడప దాటాడు. అయిదింటికి వసీంను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆలోపల, ఖాజా మియా పొద్దున ఆరు తర్వాత చనిపోయాడన్న మాట తప్పని తేలాలి. తేలకపోతే ఆ పిల్లవాడి బతుకు అంతే.

వాకిట్లో బక్రీద్‌కని కొన్న మేకపోతు కట్టేసి ఉంది. ముందర వేసిన పచ్చగడ్డి ముట్టలేదు. వచ్చిన ప్రతి మనిషి కాళ్లూ వాసన చూసి, తనకు కావలసిన మనిషి కాదని తెలుసుకుని అరుస్తోంది.

ముందరి గదిలో రజియాబీ చాప మీద కూర్చుని ఉంది. వారం కింద కూతురు ఉమేరా కాన్పుకని నాగర్‌కర్నూల్ పోయింది. పొద్దున ఫోను రాగానే బస్సెక్కింది. దిగేసరికి పదకొండు. అప్పటికే శవాన్ని దవాఖానకు తీసుకుపోయారు. మొగుడి ముఖం ఆమె ఇంకా చూడలేదు. కిష్టయ్యను పిలిచింది ఆమే.

"అన్నా, వసీం మా ఆయన అక్క కొడుకు. ఈ ఇంట్లనే పెరిగిండు. మనిషి పాయె. ఇగ పిల్లగాన్ని గూడ తీసుకపోతే నేనెట్ల బతకాలె?"

కిష్టయ్య చెప్పులు గోడకు జరిపి లోపలికి నడిచాడు. మల్దకల్ మనిషి. హెడ్ కానిస్టేబులుగా రిటైరై సొంతంగా విచారణలు చేస్తున్నాడు. ఓదార్చడం అతనికి చేతకాదు.

లోపలి గదిలో ఇద్దరున్నారు. ఒకరు ఇన్‌స్పెక్టర్ అరుణ్. రెండోవాడు కిటికీకి వీపు పెట్టి ఖాజా మియా కుర్చీలోనే కూర్చున్నాడు. జయపాల్, వనపర్తిలో జీవశాస్త్రం చెప్పి రిటైరై నాగర్‌కర్నూల్‌లో ఉంటున్న లెక్చరరు. ఖాజా మియా నలభై ఏళ్లు పాత ఇనుము కొని అమ్మాడు. ఆ ఇనుములో దొరికిన పాత రేజర్లను దాచుకుని, వాటితోనే గడ్డం గీసుకునేవాడు. ఈ చుట్టుపక్కల ఆ పిచ్చి ఉన్న రెండోవాడు జయపాల్ ఒక్కడే. అందుకే ఇన్‌స్పెక్టరు అతన్ని పిలిపించాడు.

"ఏం కిష్టయ్యా, ఇంకా బతికే ఉన్నవా?" అన్నాడు జయపాల్ నవ్వుతూ.

"నేను ఉన్న సార్. వెంకటన్ననే లేడు."

నవ్వు ఆగిపోయింది. పదకొండేళ్ల కింద ఇటిక్యాల కేసులో చావు టైం ఇదీ అని నిపుణుడిగా కోర్టులో చెప్పింది జయపాలే. ఆ టైముకు అక్కడున్నందుకే వెంకటన్నకు శిక్ష పడింది. టైం తప్పు సార్ అని కిష్టయ్య మొత్తుకున్నాడు. హెడ్ కానిస్టేబులు మాట ఎవరు వింటారు? వెంకటన్న జైల్లోనే పోయాడు. ఇప్పటికీ కిష్టయ్య కలలోకి వస్తాడు. తిట్టడు, ఏడవడు. టైం ఎంతయిందన్నా అని అడుగుతాడు, అంతే.

"మొదటి నుంచి చెప్పండి సార్," అన్నాడు కిష్టయ్య ఇన్‌స్పెక్టరుతో.

"చెప్పేదేముందన్నా. ఫజర్ నమాజు అయినంక ఆరింటికి గడ్డం గీసుకునుడు ఆయన అలవాటు. గల్లీ మొత్తానికి తెలుసు. ఆరు పదికి వసీం లోపలికి పోయిండు. ఆరు ఇరవైకి బయటికొచ్చిండు. పాలు పోసే సాయమ్మ చూసింది. ఏడింటికి ఆమే తలుపు నూకితే ఆయన ఈ అద్దం ముందు పడి ఉండు. వెనకకెల్లి తూకంరాయితోని ఒకటే దెబ్బ. ముఖం నున్నగ గీసి ఉన్నది, చెవి పక్కన సబ్బు, పక్కనే రేజరు. అంటే ఆరు దాటినంకనే పోయిండు. ఆ టైముల ఇంట్ల ఉన్నది వసీం ఒక్కడే."

"వసీం ఏమంటుండు?"

"మేకకు గడ్డి తెచ్చిన, మామా అని పిలిచిన, పలకలే, నమాజుల ఉన్నడేమోనని వాకిట్లకెల్లే పోయిన అంటుండు."

"నిన్న రాత్రి యాడున్నడు?"

"సాయంత్రం అయిదు నుంచి తెల్లారి అయిదు దాకా వనపర్తిల పత్తి విత్తనాల లోడింగు. గేటు కెమెరాల ఉన్నడు. అది నిజమే. కానీ రాత్రితోని మనకేం పని?"

"డాక్టరు?"

"పదింటికి చూసి, మూడు గంటల నుంచి పదునాలుగు గంటల లోపల అన్నడు. ఎండలకు ఇప్పుడే ఏం చెప్పలేనన్నడు."

"డాక్టరుది అంచనా," అన్నాడు జయపాల్. ఎడమ చెయ్యి గాల్లో తిప్పాడు. కుడి చెయ్యి జుబ్బా జేబులోనే ఉంది. "గడ్డం అంచనా కాదు. రాత్రి గీసుకున్న గడ్డం తెల్లారేసరికి గరుకెక్కుతుంది. నేను ఫోటోలు చూశాను. అది పొద్దుటి గడ్డమే. ఆరింటికి నేను నాగర్‌కర్నూల్‌లో నలుగురితో వాకింగ్‌లో ఉన్నాను. ఆ సమయానికి ఇక్కడ నా స్నేహితుడు..." గొంతు సవరించుకున్నాడు.

అతను ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు. కిష్టయ్య ఆ మాట విని పక్కన పెట్టుకున్నాడు. ఇంకోటి కూడా. చచ్చిన మనిషి గడ్డం పెరగదు. రాత్రి గీసినా తెల్లారి నున్నగానే ఉంటుంది. ఆ సంగతి జయపాల్‌కు తెలియకుండా ఉంటుందా?

వాకిట్లో పాలక్యాను పక్కన పెట్టుకుని సాయమ్మ కూర్చుని ఉంది. కిష్టయ్య గుమ్మంలోకి వచ్చి పిలిచాడు.

"సాయమ్మా, ఈ వారంల ఖాజా మియా ముఖం చూసినవా?"

"ముఖమెందుకు చూస్త అయ్యా? పాలు పోసేటోళ్లు గిన్నె చూస్తరు."

"మాట్లాడిండా?"

"తలుపు సందుల గిన్నె పెట్టి పొయ్యమంటడు. మోకాళ్ల నొప్పులు. నెల దినాలాయె, మసీదుకు గూడ పోతలేడు, ఇంట్లనే నమాజు. మొన్న జర పాలు పల్చగున్నయే సాయమ్మా అన్నడు. పోయిన మనిషి మీద అబద్ధమెందుకు, పల్చగనే ఉండె." కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పొద్దున పోయినప్పుడు రాతిరి గిన్నె యాడుంది?"

"తలుపు సందులనే. కడగలే. దినం రాతిరి పండుకునే ముందు కడిగి పెట్టేటోడు."

కిష్టయ్య తిరిగి లోపలికి వచ్చాడు. అద్దం కింద బండగూట్లో వస్తువులు వరుసగా ఉన్నాయి. నురగ బ్రష్షు, ఇత్తడి చెంబు, తువ్వాల, పటిక బిళ్ళ. ఇన్‌స్పెక్టరు దగ్గరున్న కవరులో రేజరు. కిష్టయ్య గ్లౌజు వేసుకుని దాన్ని బయటికి తీశాడు. మామూలు బ్లేడుకు రెండు వైపులా పదును. దీని బ్లేడుకు ఒకవైపే పదును, రెండోవైపు కత్తికున్నట్టు మందపాటి వెన్ను. రంగులేసేవాళ్లు గాజు మీది మరకలు గీకడానికి కొనే రకం. మూత ఎత్తి బ్లేడు పెట్టి, మూత వేస్తే టిక్కుమని పట్టుకుంటుంది.

మూత సందులో సబ్బు ఎండి ఉంది. వేలితో తీసి చూశాడు. తెల్లటి సబ్బు. ఒక్క వెంట్రుక లేదు.

"కడిగాడు," అన్నాడు జయపాల్.

"కడిగితే సబ్బు గూడ పోవాలె గద సార్."

కిష్టయ్య మంచం మీది చిరిగిన దిండులోంచి పత్తి పింజ ఒకటి లాగాడు. బ్లేడు అంచు మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా నడిపాడు. పింజ ఎక్కడా చిక్కలేదు. బ్లేడుకు ఎక్కడ చిన్న గాటున్నా పత్తి పోగు వదలదు.

"కొత్త బ్లేడు," అన్నాడు తనలో తాను.

పటిక బిళ్ళను వెలుతురుకు ఎత్తాడు. పైన సన్నటి దుమ్ము. వేలు రాస్తే చార పడింది.

"సార్, ఫోటోలు జర చూపియ్యండి."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని ఫోను ఇచ్చాడు. మూడు ఇరవై. కిష్టయ్య ఒక్కొక్క ఫోటోనే పెద్దది చేసి చూశాడు. గడ్డం కింద చిన్న గాటు. గాటు ఉంది, రక్తపు చుక్క లేదు.

"పటిక రుద్దుకున్నాడు," అన్నాడు జయపాల్. "అలవాటున్నవాళ్లు చేసే పని అదే."

"దుమ్ము పట్టిన పటికనా?"

"కిష్టయ్యా, నీకు చదువు లేదు, సరే. కళ్ళు కూడా లేవా? మనిషి గీసుకున్నాడు, ముఖం కనబడుతోంది. ఇంకా ఏం కావాలి?"

"చదువు లేదు సార్. అందుకే చూస్త."

తర్వాతి ఫోటో చెయ్యిది. గోళ్ళు పెరిగి ఉన్నాయి. దినానికొక రేజరు తుడిచి నూనె పూసి వాడే మనిషి గోళ్ళు అవి కావు. ఆ తర్వాతిది ఎడమ దవడ. కిష్టయ్య అక్కడ చాలాసేపు ఆగాడు. నున్నటి చర్మం మీద రెండు సన్నటి గీతలు. గీతలంటే మిగిలిపోయిన వెంట్రుకలే. కోసిన చేనులో కొడవలి తప్పిన సాళ్లలా పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

గాటు లేని బ్లేడు గీతలు మిగల్చదు.

ముందరి గదిలో రజియాబీ ఉలిక్కిపడి లేచింది.

"విన్నరా?"

"ఏందమ్మా?"

"టిక్కుమన్నది. ఆయన రేజరు." గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళు గదిలో ఎవరి మీదా నిలవలేదు. "వచ్చినప్పటి సంది మూడుసార్లు ఇన్న. ఇంట్లనే ఉన్నడన్నా. గీసుకుంటుండు."

ఇన్‌స్పెక్టరు కవరులోంచి తీసిన రేజరు వైపు చూశాడు. అది కిష్టయ్య చేతిలో మూత తెరుచుకునే ఉంది. బయట మేక అరిచింది.

"పాపం," అన్నాడు జయపాల్ మెల్లగా. "దుఃఖంలో అలాగే వినబడుతుంది."

కిష్టయ్య రేజరును కవరులో పెట్టాడు. మూలనున్న చెక్కపెట్టె తెరిచాడు. లోపల మఖ్మలు గుడ్డ, ముప్పై రెండు గూళ్లు. ఒక్కో గూట్లో ఒక్కో రేజరు నూనె మెరుపుతో పడుకుని ఉంది. ఒకటి ఇన్‌స్పెక్టరు దగ్గరుంది, దాని గూడు ఖాళీ. మొదటి గూడు కూడా ఖాళీ.

"అది వసీం ఎత్తుకపోయిండు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆదివారం నాడు ఇద్దరికి లొల్లి అయింది. ఇవి అమ్మి నాకు ఆటో ఇప్పియ్యి అన్నడంట. గల్లీల అందరు విన్నరు."

"ఎత్తుకపోయింది దొరికిందా?"

"దొరకలే. దొరుకుతది."

"అమ్ముకునేటోడు ముప్పై ఒకటి ఇడిసిపెట్టి ఒకటి ఎందుకు తీసుకపోతడు సార్?"

"మంచిదాన్నే తీసుకుపోయాడు," అన్నాడు జయపాల్. "వాడికి తెలుసు."

కిష్టయ్య ఫోను పట్టుకుని ముందరి గదిలోకి వచ్చాడు. రజియాబీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"రజియమ్మా, ఒక మాట అడుగుత. ఆయన గోర్లు ఎందుకు పెంచిండు?"

ఆమె అర్థం కానట్టు చూసింది.

"పెంచుడేందన్నా? ఆయన పేరు మీద మేకను కుర్బానీ ఇచ్చేది ఉంది గద. బక్రీద్ నెల చాంద్ కనబడ్డప్పటి సంది కుర్బానీ అయ్యేదాక గోరు తియ్యొద్దు, వెంట్రుక తియ్యొద్దు. ఏటా గంతే. ఇంక నాలుగు రోజులాయె."

కిష్టయ్య ఫోనులోని గోళ్ళ ఫోటోను మళ్లీ చూశాడు.

"గడ్డం గూడనా?"

"గడ్డం గూడ. నిన్న పొద్దున ఫోన్ల చెప్పిండు, ఆరు రోజుల గడ్డం దురద పెడుతుందే, నీ మనుమడు చూస్తే భయపడతడు అని." నవ్వబోయి ముఖం తిప్పుకుంది.

లోపలి నుంచి ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక జయపాల్.

"తల్లీ, గుండె గట్టి చేసుకో. ఈ ఫోటో చూడాలె," అన్నాడు కిష్టయ్య.

ఆమె ఫోను అందుకుంది. చూసింది. ఫోనును కొంచెం దూరం పెట్టి మళ్లీ చూసింది.

"ఎవరీయన?"

ఫోనును మళ్లీ ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"యా అల్లా," అంది. "గడ్డమేది? ఆయన గడ్డమేది?"

"అదే అడుగుతున్న," అన్నాడు కిష్టయ్య లేచి నిలబడి. "సార్, మీరు చూసింది ఖాజా మియా గీసుకున్న గడ్డం కాదు. సచ్చినంక ఎవరో పక్కన కూసొని గీసిన గడ్డం. అందుకే గాటు పడ్డ కాడ రక్తం లేదు. ఆరు రోజుల సంది ముట్టలే కాబట్టే పటిక మీద దుమ్మున్నది. రాతిరి పాలగిన్నె కడగలే, ఎందుకంటే రాతిరికి మనిషే లేడు. నిన్న పొద్దుమీకినంక, చీకట్ల చంపి, పొద్దున ఆరు దాక బతికే ఉన్నడని మనల్ని నమ్మియ్యనీకె ముఖం గీసిండ్రు."

ఇన్‌స్పెక్టరు గోడకు ఆనుకున్నాడు. "నిన్న పొద్దుమీకినంక అంటే... వసీం వనపర్తిల ఉన్నడు."

"ఆచారాలతో కేసులు తేలవు అరుణ్," అన్నాడు జయపాల్. గొంతు కొంచెం పెరిగింది. "మనిషికి దురద పుట్టింది, గీసుకున్నాడు. పెళ్ళాం ఇంట్లో లేదు, చూసేవాళ్లెవరు? రేజరు అక్కడే పడి ఉంది, అదేమంటావు?"

"దాంతోని గీయలేదు సార్. దానికి ఉత్త సబ్బు పూసిండ్రు. దాని బ్లేడుకు ఒక్క గాటు లేదు. ఈ దవడ మీద రెండు గీతలున్నయి."

గీతలన్న మాటకు రజియాబీ మళ్లీ ఫోను వైపు వంగింది. వేలితో ఆ దవడను తడిమింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇది నా నిషానీ," అంది.

"ఏందమ్మా?"

"పెట్టెల మొదటి గూట్లది ఉంటది సూడు, అది మా మామది. రైల్వేల పనిచేసేటప్పుడు ఎవరో దొర ఇచ్చిండట. తల చిన్న డబ్బా లెక్క ఉంటది, కొక్కెంతోని మూస్తరు. దాని బ్లేడు దుకాన్ల దొరకదు, కత్తి ముక్క లెక్క ఉంటది, తోలుపట్టి మీద నూరుకోవాలె. నా పెండ్లైన మొదటి బక్రీద్ నాడు కడుగుతుంటే చేతులకెల్లి జారి బండ మీద పడ్డది. రెండు గాట్లు పడ్డయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నేను ఏడ్సిన. ఆయన ఏమన్లే. దాంతోనే గీసుకొని వచ్చి దవడ చూపెట్టిండు. రెండు గీతలు మిగిలినయి. నీ గుర్తు, నీ నిషానీ సూడు అన్నడు."

ఆమె గొంతు వణకడం లేదు. ఎవరికో పాత సంగతి గుర్తు చేస్తున్నట్టు ఉంది.

"ముప్పై ఎనిమిదేండ్లాయె. ఏడాదికొక్కసారి, కుర్బానీ అయినంక, దాంతోనే గీసుకుంటడు. నాకు చూపెట్టినంకనే ఇంకో రేజరుతోని ఆ గీతలు తీస్తడు. ఈద్ రాకముందే... నేను ఇంట్ల లేనిది చూసి... ఎవరు గీసిండ్రన్నా?"

"దాన్ని ఎవరన్నా అడిగిండ్రా రజియమ్మా? అమ్ముమని, ఇయ్యిమని?"

"మస్తుమంది. ఆయన ఇయ్యడు. ఒక్కసారి గీసుకొని ఇస్త అన్నోళ్లకు గూడ ఇయ్యలే."

కిష్టయ్య ఇన్‌స్పెక్టరుకేసి తిరిగాడు. వేళ్ళు మడవలేదు, గొంతు పెంచలేదు.

"ఆరింటి అలవాటు తెలిసినోడు. అసొంటి కత్తిముక్కను నూరి వాడే చెయ్యి ఉన్నోడు. ఆరు రోజుల గడ్డం చూసి, ఇల్లాలు లేక బద్ధకంతోని పెంచిండు అనుకున్నోడు. చాంద్ సంగతి తెల్వనోడు. పొద్దున ఆరింటికి ఎక్కడున్నడో, అడగకముందే చెప్పేటోడు."

ఇన్‌స్పెక్టరు మెల్లగా పక్కకు జరిగాడు. అంతదాకా అతని వెనక నీడలో ఉన్న జయపాల్ మీద వాకిలి వెలుతురు పడింది. ఆ మధ్యాహ్నం అతని ముఖానికి ఎదురుగా వెలుతురు పడడం అదే మొదటిసారి.

జయపాల్ ఎడమ చెయ్యి పైకి లేచి దవడను కప్పుకుంది. పంటినొప్పి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"పిచ్చి మాటలు," అన్నాడు. "అరుణ్, టైమెంతయింది? నిందితుణ్ని తీసుకుపోవాలి నువ్వు."

వెంకటన్న అడిగే మాటే అది. కిష్టయ్య గోడ గడియారం చూశాడు.

"నాలుగు ఇరవై సార్. ఇంక టైమున్నది."

ఎవరూ కదల్లేదు. మేక కూడా అరవలేదు. ఆ నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఈసారి అందరికీ వినబడింది.

టిక్.

రజియాబీ తల ఎత్తి, లేచి నిలబడింది. ఇప్పుడామె చూపు గది మూలల్లో వెతకలేదు. సూటిగా జయపాల్ జుబ్బా జేబు మీద నిలబడింది.

"అదే," అంది. "మా మామ రేజరు కొక్కెం. మూత రేజర్లది గట్లుండదు, దీని గొంతు వేరే. అన్నా, ఆయన కాదు. ఆయన గీసుకుంటలేడు."

జేబు గుడ్డ కింద బొటనవేలు కదులుతోంది. తెరుస్తోంది, మూస్తోంది. తెరుస్తోంది. ఆ వేలు ఏం చేస్తోందో జయపాల్‌కే తెలిసినట్టు లేదు.

"ముప్పై ఏళ్లు చూశాను," అన్నాడు జయపాల్. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు. "ఏడాదికొక్కసారి తీసి, ఏడాది పొడుగునా మూలకు పడేసేవాడు. దాన్ని వాడాలి. దినం వాడాలి. ఒక్కసారి పట్టుకుంటే తెలుస్తుంది."

"పొద్దున వాడిన్రా సార్?"

జయపాల్ చూపు వాకిలి వైపు పోయింది.

"సార్, జర చెయ్యి తియ్యండి," అన్నాడు కిష్టయ్య.

"ఏ చెయ్యి?"

"రెండూ."

ఎడమ చెయ్యి దవడ మీంచి జారింది. ముడతలు పడ్డ చర్మం మీద నెరిసిన వెంట్రుకలు రెండు వరుసలుగా నిలబడి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రజియాబీ వాటిని ముప్పై ఎనిమిది ఈదులు చూసిన మనిషి. చూసి, కళ్ళు మూసుకుంది.

ఆమె వెనక వాకిట్లోకి పోయే గుమ్మం. జయపాల్ బయటపడే దారికి ఆమె అడ్డం నిలబడి ఉందన్న సంగతి కిష్టయ్యకు అప్పుడు తట్టింది.

జయపాల్ కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. కొక్కెం విప్పి ఉంది. రేజరు తల ఖాళీగా ఉంది. కత్తిముక్క అతని రెండు వేళ్ల మధ్య ఉంది.